తొలి విల్లు

విజయవాడ పేరు వినినంతనే ఇంద్రకీలాద్రి మనసునకు వచ్చును. అర్జునుడు ఆ కొండమీద తపస్సు చేసి, కిరాతరూపమున వచ్చిన శివునితో పోరి, పాశుపతాస్త్రమును పొందెనని స్థలపురాణము. విజయుని పేరనే ఈ నగరము వెలసినదని పెద్దలు చెప్పుదురు. ఆ కథలో మనము తరచుగా మరచు విషయమొకటి కలదు. పాశుపతము చేతికి వచ్చునాటికే అర్జునుడు సిద్ధహస్తుడైన విలుకాడు. ద్రోణునికడ చేసిన సాధన ముందు, మహాస్త్రము తరువాత.

ఈ నగరమునకు విలువిద్యలో మరల పేరు వచ్చినది. ఇచటి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్సులో, మిశ్రమ జట్టు పోటీయందు, అంకితా భకత్‌తో కలసి నాలుగవ స్థానము పొందినాడు. ఇట్టి వార్తలు వినిన పిల్లలు విల్లు కావలెనని అడుగుట సహజము.

దివిసీమలోనో, గుడివాడ ప్రాంతమునందో ఒక రైతు ఉన్నాడనుకొందము. దాళ్వా ధాన్యము అమ్మిన సొమ్ము చేతికి వచ్చినది. “నాన్నా, ఒలింపిక్సులో వాడు విల్లే కొనిపెట్టు” అని కుమారుడు అడిగినాడు. దూరము పోవు విల్లు ఒక్కమారు కొన్నచో మరల కొననక్కరలేదని తండ్రి తలచును. ప్రేమతో పుట్టిన తలంపే ఇది. కాని ఇందు పెద్ద పొరపాటు కలదు.

ఒలింపిక్సులో లక్ష్యము 70 మీటర్ల దూరమున ఉండును. ఫలకము వెడల్పు 122 సెంటీమీటర్లు. నడుమ పది మార్కుల వలయము 12.2 సెంటీమీటర్లు మాత్రమే. అంత దూరము బాణము నిలుకడగా పోవుటకు పురుష క్రీడాకారులు వాడు వింటిబలము సుమారు 45 మొదలు 50 పౌండ్లు. అనగా నారిని లాగిన ప్రతిమారును 20 కిలోలకు పైబడిన బరువును వ్రేళ్లు, భుజము, వీపు మోయవలెను. అర్హత పోటీ ఒక్కదానిలోనే 72 బాణములు వేయవలెను. లెక్కించి చూడుడు: 14 క్వింటాళ్లు దాటును. 75 కిలోల ధాన్యపు బస్తాలు పందొమ్మిదింటిని ఒక పూటలో ఎత్తినట్లు!

లేతభుజము ఇంత బరువునకు ఓర్వదు. కుర్రవాడు విల్లు లాగుటకై భుజమును చెవివరకు ఎత్తును, నడుము వెనుకకు వంచును, ఊపిరి బిగబట్టును. కొంతకాలమునకు ఆ తప్పు అలవాటుగా మారును. భుజపు స్నాయువులు దెబ్బతినుటయు కలదు. అందువలన తొలి విల్లును దూరమును బట్టికాక దేహమును బట్టి ఎంచుకొనవలెను.

మొదట కన్ను చూడవలెను. రెండు కన్నులు తెరచి, దూరమున ఉన్న కొబ్బరిచెట్టు మొదలును వ్రేలితో చూపి, ఒక్కొక్క కన్నే మూయవలెను. ఏ కన్ను తెరచియున్నపుడు వ్రేలు చెట్టును విడువదో అదియే గురికన్ను. అది కుడికన్నయినచో సాధారణముగా విల్లు ఎడమచేత, నారి కుడిచేత పట్టుదురు.

పిమ్మట బారను అంగుళములలో కొలిచి రెండున్నరచే భాగించినచో, నారిని ఎంతవరకు లాగవలెనో ఇంచుమించుగా తెలియును. 65 అంగుళముల బారకు 26 అంగుళములు. అట్టివానికి 66 అంగుళముల విల్లు సరిపోవును. బాణము ఆ కొలతకన్న రెండంగుళములు పొడవుగా ఉండవలెను. పొట్టి బాణము వెనుకకు జారి చేతిలో గ్రుచ్చుకొను అపాయము కలదు.

ఇక బలము. పన్నెండు, పదమూడేండ్ల పిల్లలకు 14 మొదలు 18 పౌండ్లు, పెద్దవారికి 20 మొదలు 24 పౌండ్లు చాలును. పూర్తిగా లాగి పదునైదు సెకండ్లు వణకక నిలువగలిగినచో ఆ విల్లు అతనికి తగినది. పిమ్మట బాణము విడువక, నారిని మెల్లగా వెనుకకు తేవలెను. బాణము లేని నారిని విడిచిన యెడల విల్లు పగులవచ్చును.

పిడి వేరుగా, కొమ్ములు వేరుగా విడదీయదగిన రికర్వ్ విల్లు కొనుట మేలు. బిడ్డ ఎదిగినకొలది కొమ్ములను మాత్రము మార్చుకొనవచ్చును. పిడి ఏండ్లతరబడి పనికివచ్చును. చక్రములు గల కాంపౌండ్ విల్లుతో పోటీ 50 మీటర్ల దూరమున జరుగును. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్సులో దాని మిశ్రమ జట్టు పోటీకి చోటు లభించినది. ఏది నేర్వవలెనో శిక్షకుని సలహాపై నిర్ణయించుకొనవలెను.

దగ్గరి గురి చిన్నతనము కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యపతకము గెలిచినది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే. విజయవాడలో 2015లో మూడేండ్లు నిండని చిన్నారి యొకతె బాణములు వేసి అందరి మెప్పు పొందినది 5, 7 మీటర్ల దూరమునుండియే.

ఇంటివద్ద సాధన చేయించువారు ఒక జాగ్రత్త తీసుకొనవలెను. కాలువగట్టు వైపునకు గురి పెట్టరాదు. ఏ వేళనైనను మనుష్యులు నడచుచుందురు. గురి తప్పిన బాణము ఫలకమును దాటి చాల దూరము పోవును. వెనుక ఎత్తయిన మట్టికట్ట ఉన్నచోటనే ఫలకము నిలుపవలెను. మే నెల ఎండలో, మూసిన కారులో విల్లును విడిచిపెట్టరాదు; ఆ వేడికి కొమ్ములు చెడును.

మన రైతు చేయవలసినది ఇది. దుకాణమునకు పోవుటకు ముందు కుమారుని శిక్షణ మైదానమునకు తోడ్కొనిపోవలెను. అచటి తేలిక విల్లుతో కొన్ని నెలలు సాధన చేయనీయవలెను. అప్పటికిని ఉత్సాహము నిలిచియున్నచో, కొలతకు తగినది కొనిపెట్టవలెను. మిగిలిన సొమ్ము బాణములకు, బస్సు ఛార్జీలకు, మంచి ఆహారమునకు ఉపయోగపడును. 70 మీటర్ల విల్లు కొనుటకు తరువాత సమయము చాల ఉన్నది. భుజము దెబ్బతినినచో వేరొకటి కొనితేలేము.