పచ్చచుక్క చెప్పని సంగతి

మాంసం లేనంత మాత్రాన ప్రతి ఆహారమూ ఒంటి బరువును అదుపులో ఉంచుతుందనుకోవడం పొరపాటు. బ్రెజిల్‌లోని సావ్ పావులో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కార్లోస్ మాంటెయిరో, ఆయన సహచరులు రూపొందించిన 'నోవా' వర్గీకరణ ఆహారాన్ని తయారీ తీరును బట్టి 4 తరగతులుగా విభజిస్తుంది. వాటిలో చివరిదైన 'అల్ట్రా ప్రాసెస్డ్' ఆహారం, ధాన్యాల నుంచి, గింజల నుంచి విడదీసిన పిండిపదార్థాలకూ ప్రోటీన్లకూ నూనెలకూ రంగులు, రుచికారకాలు, నూనెనూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్లు చేర్చి కర్మాగారాల్లో తయారుచేసేది.

ఉదాహరణకు, శనగ గుగ్గిళ్లలో పొట్టూ పీచూ చెక్కుచెదరకుండా ఉంటాయి కనుక వాటిని నమిలి తినక తప్పదు, కడుపూ త్వరగా నిండుతుంది. అల్ట్రా ప్రాసెస్డ్ తరగతికి చెందే, సోయా ప్రోటీనుతో చేసిన మాంసాన్ని పోలిన ముక్కలైతే మెత్తగా ఉండి, నమిలే శ్రమ అంతగా లేకుండానే గొంతు దిగిపోతాయి.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిపై జరిపి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, పాల్గొన్నవారు శాకాహారులే కాకపోయినా, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం ఇచ్చిన 2 వారాల్లో ప్రాసెస్ చేయని ఆహారం ఇచ్చినప్పటికంటే రోజుకు సుమారు 500 కెలోరీలు అదనంగా తిని దాదాపు 0.9 కిలోల బరువు పెరిగారు. ఫ్రాన్సులో 2021లో వెలువడిన అధ్యయనంలో, ఇలాంటి ఆహారం నుంచి పొందే శక్తి వాటా మాంసాహారుల్లో 33 శాతం కాగా, పాలు, గుడ్లు కూడా ముట్టని వీగన్లలో 39.5 శాతంగా తేలింది.

పొట్లం మీద శాకాహారానికి గుర్తుగా ఉండే పచ్చచుక్క, అందులో మాంసం, గుడ్ల వంటివి లేవని మాత్రమే చెబుతుంది; మిగతాది తెలియాలంటే పొట్లం తిప్పి, వెనుకనున్న పదార్థాల పట్టికను చదవాలి.