అగ్నికి చిక్కని మొక్కలు



ఇట్టి స్నాతకోత్సవసభలయందు మహావిజేతల చరితములను కీర్తించుట ఆచారము. నేను మాత్రము తనకిష్టమైన విద్య ప్రక్కకు నెట్టబడగా వేరొక వృత్తితో బ్రతుకు సాగించిన యొక పండితుని గూర్చి, ఆయన గడపకు వచ్చిన నిరుపేద స్వదేశీయుని గూర్చి చెప్పదలచితిని. ఏలయన నేడు పట్టములనందుకొనుచున్న మీలో ననేకులకు కోరిన కొలువు దొరకకపోవచ్చును, మీ గడపకు మాత్రము అట్టివారు వచ్చుచునే యుందురు.

జార్జి ఎంగెల్‌మన్ 1809లో జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టున జన్మించి, మొక్కల వికృతరూపములను గూర్చి రచించిన సిద్ధాంతవ్యాసముచే వృద్ధుడగు మహాకవి గ్యోటే మెప్పును సైతము బడసి, 1832లో అమెరికాకు వలసపోయి, తెచ్చుకొనిన సొమ్మంతయు హరించుకొనిపోగా, 1835లో మిసిసిపీ నదీతీరమున సెయింట్ లూయీ పట్టణమందు వైద్యవృత్తి నారంభించెను. విశ్వవిద్యాలయపీఠము లేదు, శాస్త్రకేంద్రములన్నియు తూర్పుతీరమున, సముద్రమున కావల నుండెను. పగలెల్ల రోగులకు సమర్పితమై పోగా, మిగిలిన వేళలయందే యాయన మొక్కల నెదుట పెట్టుకొని కూర్చుండెడివాడు. మన పొలముల కంచెలమీద పచ్చని దారపుపోగులవలె నల్లుకొను సీతమ్మ పోగునూలును మీరు చూచియే యుందురు. వేళ్లును ఆకులును లేక పరుల రసముచే బ్రతుకు ఆ తీగెల కుటుంబమును ఓపికతో వర్గీకరించినవాడీ తీరిక లేని వైద్యుడే యని తెలిసిననాడు నేను పొందిన విస్మయము నేటికిని తరుగలేదు.

ఆగస్టస్ ఫెండ్లర్ తూర్పు ప్రష్యాలోని గుంబిన్నెనున 1813లో పుట్టినవాడు. పసితనముననే తండ్రిని గోల్పోయి, 1836లో అమెరికా చేరి, తోళ్లు పదునుచేయుచోట, దీపములు చేయు కార్ఖానాలో కూలికి పనిచేసి, కొంతకాలము పిల్లలకు చదువు చెప్పి, ఎచ్చటను నిలువజాలక, మిసోరీ నదిలోని యొక లంకయందు ఏకాకియై వసించెను. ఎండబెట్టిన మొక్కలను కొనువారు గలరని స్వదేశమునకు పోయినపుడు వినివచ్చి, ఆయన ఎంగెల్‌మన్‌ను ఆశ్రయించెను.

ఇచ్చట నొక్క నిమిషము నిలువుడు. తోటి జర్మను వాడు, బీదవాడు. నాలుగు నాణెములు చేతబెట్టి పంపినను లోకము ఎంగెల్‌మన్‌ను దయాళువనియే యనును. ఆయన యట్లు చేయలేదు. తెచ్చిన మొక్కలనెల్ల పరిశీలించి పేర్లు నిర్ణయించెను, శాస్త్రమున కెట్టివి కొరతగా నున్నవో తెలిపెను. హార్వర్డులోని మిత్రుడు ఏసా గ్రేతో కలిసి, 1846లో మెక్సికోయుద్ధమునకై సాంటా ఫేకు సాగు సేనతో ఫెండ్లర్ ఉచితముగా ప్రయాణించునట్లు అనుజ్ఞ సంపాదించెను. టెక్సస్‌లో దారిద్ర్యమున నున్న లిండ్‌హైమర్ అను మరియొక జర్మను వలసదారునికై వీరిరువురు 1843లోనే యిట్టి యేర్పాటు చేసియుండిరి. దానము పొందినవాడు తలవంచుకొని పోవును. పని పొందిన ఫెండ్లర్ మరుసటి యేట వేయికి పైబడిన మొక్కల రకములతో తిరిగివచ్చెను.

అటుపిమ్మట వచ్చినది 1849. మే 17 రాత్రి సెయింట్ లూయీ రేవున ‘వైట్ క్లౌడ్’ అను పొగయోడకు అంటుకొనిన నిప్పు 23 ఓడలను, నాలుగు వందలకు పైబడిన భవనములను దహించెను. ఆ యేటనే విషూచి యా నగరమున వేలమందిని పొట్టనబెట్టుకొనెను. ఫెండ్లర్ అప్పుడు గ్రేట్ సాల్ట్ లేక్ వైపు పయనమై పోయి, దారిలో ఏటివరద సామగ్రిని, మొక్కల నెండబెట్టు కాగితములను కొనిపోగా, విధిలేక వెనుదిరిగి వచ్చి చూచునప్పటికి, ఇంట దాచిపోయిన పుస్తకములు, సంగ్రహములు సర్వమును బూడిదయై యుండెను.

అయినను సాంటా ఫే మొక్కలు మిగిలినవి. అవి యప్పటికే చందా కట్టి మొక్కలను కొనినవారి సంగ్రహములకు చేరియుండెను. దాచుకొనినది కాలిపోయెను, పంచిపెట్టినది నిలిచెను. ఆ యేటనే గ్రే ఆ మొక్కలను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. అందు జెముడుజాతుల భాగమును ఎంగెల్‌మన్ సమకూర్చి, ఒకదానికి ఫెండ్లర్ పేరు పెట్టెను. సర్వము గోల్పోయిన మనుజునికి అచ్చుకాగితముమీద తన పేరు కనబడుట ఎంతటి యూరటయో మీరే యూహింపుడు.

ఫెండ్లర్ మరల లేచెను. పనామాకు, అటుపై వెనిజులా కొండలలోని జర్మనుల పల్లెయగు కలోనియా తోవార్‌కు పోయి, యేండ్ల తరబడి మొక్కలు సేకరించి, 1883లో ట్రినిడాడ్ ద్వీపమున కన్నుమూసెను. మరుసటి యేటి యారంభముననే ఎంగెల్‌మన్ సెయింట్ లూయీలో గతించెను. ఎంగెల్‌మన్, గ్రేలు 1852లో ఒక పొద ప్రజాతికే ఫెండ్లెరా అని నామకరణము చేసిరి. ఆ పొద మెత్తని నేలను వెదుకదు. న్యూ మెక్సికో, టెక్సస్ రాష్ట్రముల ఎండిన కొండచరియలపై, రాతిపగుళ్లలో వేరూని, ప్రతి వసంతమునను నాలుగు రేకుల తెల్లని పూలు పూయుచున్నది.