కాస్టా శబ్దవిచారము

ఓరుగల్లున గూడిన మన కులసభను ఆంగ్లమున క్యాస్టు సంఘ మందురు. ఈ క్యాస్టు శబ్దము దేశీయము గాదు. పోర్చుగీసువారు 16వ శతాబ్దమున మన జాతులను "కాస్టా" యనిరి. వారి భాష లాటినునుండి పుట్టినది. లాటినున నిర్మలమను నర్థమున కాస్టుస్, కాస్టా, కాస్టుమ్ అని త్రిలింగములందును రూపములు గలవు. సంస్కృతమున శుద్ధః, శుద్ధా, శుద్ధమ్ అనునట్లే. పోర్చుగీసు పదమునకు మూలమిదియే యని పెక్కుమంది పండితుల మతము. ఆ పదము స్త్రీలింగము. మన జాతిశబ్దమును స్త్రీలింగమే. అట్టిచో బాలికల చదువు నడుమనే మాన్పించి కులగౌరవమును జాటుకొనుట శబ్దమునకును ధర్మమునకును విరుద్ధము. నైర్మల్యము జన్మమువలన గాక విద్యవలనను, నడవడివలనను సిద్ధించును. కావున బాలికావిద్యకు ఎల్లరును దోడ్పడ బ్రార్థించుచున్నాము.