హీమోగ్లోబిన్ కదిలేదెలా? అణువుల యానిమేషన్‌పై ఒక పాఠం



ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్‌లో రీజనల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ అనే పరిశోధనా సంస్థ ఉంది. అక్కడే 2022 నవంబరు 10న ఇండియన్ బయొలాజికల్ డేటా సెంటర్ ప్రారంభమైంది. మన దేశంలో ప్రభుత్వ నిధులతో జరిగే జీవశాస్త్ర పరిశోధనల సమాచారాన్ని భద్రపరచడం దాని పని. ప్రారంభం నాటికి దాని నిల్వ సామర్థ్యం సుమారు 4 పెటాబైట్లు. ఇలాంటి చోట ఉండేవి బొమ్మలు కావు, అక్షరాలూ అంకెలూ. ఒక ప్రోటీన్ నిర్మాణమన్నా అంతే: ఏ పరమాణువు ఎక్కడుందో చెప్పే మూడేసి అంకెల పట్టిక. ఆ పట్టికను కదిలే బొమ్మగా మార్చి సెమినార్‌లో చూపించాలంటే ఏం చేయాలో ఈరోజు చూద్దాం.

మన రక్తంలోని హీమోగ్లోబిన్‌నే తీసుకోండి. ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే అంతర్జాతీయ భాండాగారం 1971 నుంచి ఉంది. అందులోని నిర్మాణాలు ఎవరికైనా ఉచితం. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ సంకేతం 2హెచ్‌హెచ్‌బి, ఆక్సిజన్ ఉన్నదాని సంకేతం 1హెచ్‌హెచ్‌ఓ. రెంటినీ కైమెరాఎక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. రెండోదానిలో మీకు సగం అణువే కనిపిస్తుంది! కంగారు పడకండి. స్ఫటికంలో రెండు సగాలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఫైలులో ఒక్కటే రాశారు. 'బయొలాజికల్ అసెంబ్లీ' అనే ఫైలు తీసుకుంటే నాలుగు గొలుసులూ వస్తాయి.

ఇప్పుడు కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం తీయండి. మీరు చూపదలచింది ఒక్క వాక్యంలో రాయండి. 'ఆక్సిజన్ చేరితే హీమోగ్లోబిన్ ఆకారం మారుతుంది.' ఇంతే. వాక్యంలో 'మరియు' వచ్చిందంటే మీకు రెండు యానిమేషన్లు కావాలన్నమాట.

ఈ అణువులో హైడ్రోజన్లు లెక్కించకుండానే నాలుగు వేలకు పైగా పరమాణువులున్నాయి. అన్నీ చూపిస్తే ఏదీ కనబడదు. అందుకే జేన్ రిచర్డ్‌సన్ 1981లో ప్రచారంలోకి తెచ్చిన రిబ్బన్ బొమ్మ వాడండి. గొలుసులకు లేత రంగులు, హీమ్‌కు ఒక్కదానికే ముదురు ఎరుపు ఇవ్వండి.

చాలామంది చేసే పొరపాటొకటుంది. అందంగా ఉంటుందని అణువును గిర్రున తిప్పుతూనే ఉంటారు. ఆక్సిజన్ చేరినప్పుడు ఒక ఆల్ఫా-బీటా జంట రెండో జంటతో పోలిస్తే సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. బొమ్మంతా తిరుగుతూ ఉంటే ఆ 15 డిగ్రీలు ఎవరికి కనిపిస్తాయి? రెండు నిర్మాణాల్లోనూ ఒక జంటను ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి, కెమెరాను కదలనీయకండి. మొదటి రూపాన్ని రెండు సెకన్లు నిలపండి, కదిలించండి, మళ్లీ నిలపండి.

ఇక అసలు చిక్కు. ఎక్స్-కిరణాలతో శాస్త్రజ్ఞులు చూసింది మొదటి రూపాన్నీ చివరి రూపాన్నీ. మధ్యలోని దశలు కంప్యూటర్ ఊహించి గీసినవి. పరమాణువుల్ని సరళరేఖలో జరిపితే ఒక గొలుసు మరోదానిలోంచి దూరిపోయినట్టు కూడా రావచ్చు. చూసేవాళ్లు మాత్రం మొత్తం నిజమనే నమ్ముతారు. ఒకసారి నేను ఇలాంటి బొమ్మ చూపిస్తే ఒక అమ్మాయి లేచి, "హీమోగ్లోబిన్ నీలంగా ఉంటే రక్తం ఎర్రగా ఎందుకుందండీ?" అని అడిగింది. తప్పు ఆమెది కాదు, నాది. అప్పటినుంచి తెర అడుగున రెండు ముక్కలు రాస్తున్నాను: 'రంగులు గుర్తింపు కోసం. మధ్య దశలు అంచనా.' వేగం సంగతీ చెప్పాలి. పదుల మైక్రోసెకన్లలో ముగిసే మార్పును మనం నాలుగు సెకన్లు చూపిస్తున్నాం, అంటే సుమారు లక్ష రెట్లు నెమ్మదిగా.

హార్వర్డ్ విద్యార్థుల కోసం 2006లో తీసిన 'ఇన్నర్ లైఫ్ ఆఫ్ ది సెల్' చిత్రంలో కైనెసిన్ ప్రోటీన్ బరువు మోస్తూ తీరిగ్గా నడిచిపోతుంది. చూడముచ్చటైన చిత్రం. కానీ కణంలో ఇంత ఖాళీ ఉండదు. నీటి అణువులు ఎడతెగకుండా ఢీకొంటుంటే ఆ నడక తడబడుతూ సాగుతుంది. స్పష్టత కోసం వాళ్లు నీటిని తీసేశారు. మీరూ తీసేయవచ్చు. తీసేశామని చెప్పండి.

మీకో పని ఇస్తాను. సికిల్ సెల్ వ్యాధి మన గిరిజన ప్రాంతాల్లో ఎందరినో బాధిస్తోంది. అందులో బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ వస్తుంది. మొత్తం 574 అమైనో ఆమ్లాల్లో మారేవి రెండే, ఒక్కో బీటా గొలుసులో ఒకటి. ఇవాళ తెరిచిన 2హెచ్‌హెచ్‌బి బొమ్మలోనే ఆ రెండు చోట్లనూ చివరి బెంచీలో కూర్చున్నవాళ్లకు కూడా కనబడేలా పది సెకన్లలో చూపించండి. ముందు ఆ ఒక్క వాక్యం రాసుకోండి.