మూలుగ మార్పిడి తర్వాత మూత్రపిండాల సంగతి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను మూత్రపిండాల వైద్యుణ్ణి. తలసేమియా, రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్ని మన నరసాపురం నుంచి హైదరాబాదుకో వెల్లూరుకో తీసుకెళ్లి ఎముక మూలుగ మార్పిడి చేయిస్తుంటారు. కొత్త మూలుగ పట్టిందనగానే గండం గడిచిందనుకుంటారు. పెద్ద గండం గడిచినట్టే. కానీ మూత్రపిండాల మీద జీవితాంతం ఒక కన్నుండాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదొక్కటే.

ఈ వైద్యంలో మనవారి చెయ్యి కూడా ఉంది. 1895లో పక్కనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్నీ, దాని పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. దాత కణాలు రోగి ఒంటినే పరాయిదనుకుని దాడి చేయకుండా, మార్పిడి తర్వాత చాలామందికి ఈ మందును చిన్న మోతాదుల్లో ఇస్తారు. అది ముఖ్యంగా మూత్రంలోనే బయటికి పోవాలి. మూత్రపిండాలు నీరసిస్తే ఒంట్లో పేరుకుని నోరు పుండవుతుంది, కొత్త మూలుగకూ దెబ్బే. అందుకే ముందు క్రియాటినిన్ చూస్తారు.

నెలల తరబడి వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మూత్రపిండాల్లోకి రక్తం తెచ్చే సన్న నాళాలను బిగిస్తాయి, బి.పి. పెంచుతాయి. కీమో, రేడియేషన్, ఇన్ఫెక్షన్లకిచ్చే కొన్ని మందులు వాటికి తోడవుతాయి. దెబ్బ కొందరికి మొదటి వారాల్లో, కొందరికి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. తొలిదశలో నొప్పి ఉండదు. అదే చిక్కు.

వినాయక చవితికి తెచ్చే పంపరపనస ఆ మందులు వాడినన్నాళ్లూ తినకూడదు. రక్తంలో మందు ఎక్కువైపోతుంది. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనొద్దు. పసరు మందుల జోలికెళ్లొద్దు. వాంతులు, విరేచనాలైతే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మందులు ఆపేశాక కూడా ఏడాదికొకసారైనా క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, బి.పి. చూపించుకోవాలి. వీటికి హైదరాబాదు వెళ్లక్కర్లేదు.

ఉపాధ్యాయులకో విన్నపం. అలాంటి పిల్లలు మీ తరగతిలో ఉంటే అడిగినప్పుడు మంచినీళ్లకూ మూత్రానికీ పంపండి. చెకప్ రోజున సెలవివ్వండి.

మన సంఘం పెట్టే వైద్య శిబిరంలో ఈ మూడు పరీక్షలూ చేర్చమని కోరుతున్నాను. రిపోర్టులు చూసే బాధ్యత నాది. సెలవు.