పద్యం ఎంత దూరం వినబడాలి?



ఆలమూరులో మాస్టారి పేరిట జరుగుతున్న ఈ సభలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన గొప్పతనం నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నాకు తెలిసిన మాస్టారు మాత్రం హార్మోనియం పెట్టె మీద కాఫీ గ్లాసు పెడితే కలెక్టరునైనా కేకలేసే మనిషి. నా దగ్గర తీసుకున్న పుస్తకాలు రెండు తిరిగివ్వలేదు. అందులో ఒకటి మిలాన్ నగరంలోని లా స్కాలా నాటకశాల గురించిన పుస్తకం. ఇచ్చి ఉంటే ఈ ఉపన్యాసం ఇంకాస్త నిండుగా ఉండేది.

లా స్కాలా కథ గబగబా చెప్పేస్తాను. 1776లో పాత నాటకశాల కాలిపోయింది. అందులో సొంత బాక్సులు, అంటే కూర్చుని చూసే చిన్న గదులు, ఉన్న సంపన్న కుటుంబాలే కొత్తదానికి డబ్బు పెట్టాయి. పియర్మరీని ప్లాను గీశాడు. 1778 ఆగస్టు 3న సాలియేరి రాసిన ఒపేరాతో, అంటే పాటల నాటకంతో, తెర లేచింది. 1943లో యుద్ధంలో దాని మీద బాంబులు పడ్డాయి. 1946లో సంగీత నిర్వాహకుడు టోస్కానినీ కచేరీతో మళ్లీ తెరిచారు. వాస్తుశిల్పి మారియో బొట్టా చేతిమీదుగా మరమ్మతులయ్యాక, 2004 డిసెంబరులో అదే సాలియేరి ఒపేరా మళ్లీ ఆడింది. తారీఖులు కావలసినవారికి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

నా పేచీ తారీఖులతో కాదు, మన నాటక చరిత్రలు రాసేవారితో. ముప్పై ఏళ్లుగా పడుతున్నాను, ఇవాళా వదలను. మన నాటక చరిత్రలు దాదాపు ఒకే తీరుగా నడుస్తాయి: ధార్వాడ నాటక కంపెనీ వచ్చింది, 1880లో వీరేశలింగం గారు రాజమండ్రిలో నాటకం ఆడించారు, పార్శీ నాటక కంపెనీల తెరలు చూసి మనమూ తెరలు కట్టాం, ఆ తెరలకు మూలం ఇటలీ. కాబట్టి నాటకశాల అనేది మనకు అరువు సొమ్ము, సొంత నిర్మాణం అంటూ ఏమీ లేదు అని తేల్చేస్తారు.

తెరల సంగతి ఒప్పుకుంటాను. రంగస్థలానికి బొమ్మకు కట్టినట్టు చట్రం కట్టడం ఇటలీలోని పార్మాలో 1618లో కట్టిన ఫార్నీజ్ నాటకశాలలో స్పష్టంగా కనబడుతుంది. అది బొంబాయి మీదుగా మనదాకా వచ్చింది. కానీ చట్రమే నాటకశాల అని ఎవరన్నారు? లా స్కాలాలోనే చూడండి. గుర్రపు నాడా ఆకారం, నాలుగు వరసల బాక్సులు, వాటి మీద రెండు గ్యాలరీలు. పక్క బాక్సులో కూర్చున్నవాడికి రంగస్థలం సగం కనబడితే గొప్ప. బొమ్మ చూడటానికే కట్టిన ఇల్లయితే అంత డబ్బు పోసి సగం బొమ్మ ఎవరు కొనుక్కుంటారు? ఆ కుటుంబాలు తమ నగలు చూపించుకోడానికే అక్కడ కూర్చున్నాయని కొందరు నాకు జవాబు చెప్పారు. చూపించుకున్నారు, పేకాడారు, భోజనాలూ చేశారు. అయినా పాట రాగానే తల తిప్పారు. అక్కడ చెవికున్న హక్కు కంటికి లేదు.

ఇక నాట్యశాస్త్రం చెప్పిన భరతుడి దగ్గరికి రండి. పోణంగి శ్రీరామ అప్పారావు గారు నాట్యశాస్త్రాన్ని తెలుగు చేశాక కూడా రెండో అధ్యాయం చదవకుండా నాటకశాల గురించి రాయడం క్షమించరానిది. మనుషులకు మధ్యమమే, అంటే మధ్యస్థమైన కొలత నాటకశాలే తగింది, అరవై నాలుగు మూరల పొడవు, ముప్పై రెండు వెడల్పు అంటాడు భరతుడు. మూర అడుగున్నర అనుకుంటే పొడవు 96 అడుగులు. అందులో సగం ఆటగాళ్లది. అంటే చివరి ప్రేక్షకుడు రంగస్థలానికి 48 అడుగుల లోపే ఉంటాడు. ఎందుకంటాడో చూడండి: ఇంతకు మించితే మాట చెదిరిపోతుంది, ముఖంలో భావం అందదు. కొండగుహలా ఉండాలట, కిటికీలు చిన్నవట, గాలి కొట్టకూడదట. ఇది ధ్వని తెలిసినవాడి మాట. మనకు నాటకశాలలు మిగలకపోతే పోయాయి, లెక్క ఉంది.

ఆ లెక్క మన పందిరికీ తెలుసు. 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటకాలవాళ్లు రేకులు, తెరలు, దీపాలు బళ్లకెత్తి ఊరూరా నాటకశాల దించుకున్నారు. దాన్ని కట్టడం కాదనేవారికి ఒక్కటే చెబుతాను: వారం రోజులపాటు పగలంతా దాన్ని కట్టేవాళ్ల పక్కన నిలబడి చూడండి.

ఆ పందిట్లో పద్యం విని జనం 'ఒన్స్ మోర్' అనేసరికి మన పండితులు ముక్కు చిట్లిస్తారు. బళ్లారి రాఘవ అంతటి నటుడు రాగాల సాగదీతను ఒప్పుకోలేదు, నిజమే. కానీ హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో డి.వి. సుబ్బారావు గారు పద్యం ఎత్తుకుంటే, వెనక వరసలో శాలువా కప్పుకున్న ముసలాయన లేచి 'ఒన్స్ మోర్' అన్నాడంటే అర్థం ఏమిటి? చివరి గుంజ దాకా ప్రతి అక్షరం చేరింది అని. లా స్కాలాలోనూ ఈ గొడవ ఉంది. 1903లో జనం మళ్లీ పాడమని పట్టుబడితే టోస్కానినీ విసిగి వెళ్లిపోయాడు. దశాబ్దాల తరబడి అక్కడ పాట మళ్లీ పాడటం నిషిద్ధంగా ఉండేది. 2007 ఫిబ్రవరిలో పెరూ గాయకుడు హువాన్ డియేగో ఫ్లోరెస్ డొనిజెట్టి ఒపేరాలో తారస్థాయి పాట పాడితే జనం వదల్లేదు, ఆయన రెండోసారి పాడాడు. మిలాన్‌లో అది వార్త. మా గోదావరి జిల్లాల్లో అయితే ప్రతి తీర్థంలోనూ జరిగేదే.

మన ఒన్స్ మోర్ ఆగింది క్రమశిక్షణ వల్ల కాదండి. నాలుగు మైకులు, నున్నటి టైళ్లు, కాంక్రీటు కప్పు వేసిన కమ్యూనిటీ హాళ్ల వల్ల. ఏ ఊరిదో చెప్పను కానీ ఒక హాల్లో పద్యం మొదటి పాదం ఇంకా గోడల మధ్య తిరుగుతుండగానే రెండో పాదం వచ్చి దాని మీద పడింది. కొబ్బరాకు పందిట్లో ఆ మోత ఉండదు. ఆకు పీల్చుకుంటుంది.

అందుకే ఇప్పుడు కోనసీమలో పాత నాటకాల పందిళ్ల జాగాలు కొలిచి, పటాలు గీస్తున్నాను. పుస్తకం అవుతుంది. ప్రచురణకర్త దొరకలేదు, అది వేరే సంగతి. పందిళ్లు ఎక్కడివీ మిగల్లేదు కనుక నాకు మనుషులు కావాలి. ఎనభై దాటినవారు ఈ సభలో నాకు కనబడుతున్నారు. ఆలమూరులో రంగస్థలం ఎటు ముఖం పెట్టి కట్టేవారు, ఆడవాళ్లు ఏ వైపు కూర్చునేవారు, పెట్రోమాక్సు ఎక్కడ వేలాడేది, చివరి గుంజ దగ్గర పద్యం మాటమాటా తెలిసేదా, రాగమే తెలిసేదా, ఇవి చెప్పండి. నిర్వాహకులు భోజనాలు అంటున్నారు. ముందు ఆ జాగా చూపించండి, వెలుతురు ఉండగానే కొలుద్దాం. టేపు నా సంచీలోనే ఉంది, రెండో కొస పట్టుకోడానికి ఒక కుర్రాడు చాలు.