అప్పు ఎవరి పేర, యాజమాన్యం ఎవరి పేర?

(జిల్లా మహిళా సంఘాల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘సామాజిక వ్యాపారం - సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు’. ఆహ్వాన పత్రం చూసి మా పక్కింటి అత్తమ్మ, ‘ఇదేం వ్యాపారమే, కిరాణా కొట్టా?’ అని అడిగింది. ఆమె అడగడంలో తప్పులేదు. ఒక సామాజిక సమస్యను పరిష్కరించడానికి పుట్టి, విరాళాల మీద బతక్కుండా తన ఖర్చులు తానే సంపాదించుకునే సంస్థను సామాజిక వ్యాపార సంస్థ అంటున్నారు. ఇక లక్ష్యాల సంగతి. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి దేశాలన్నీ కలిసి 2030 నాటికి సాధించాలని 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు పెట్టుకున్నాయి. మొదటిది పేదరిక నిర్మూలన. అయిదోది స్త్రీ పురుష సమానత్వం. ఈ లక్ష్యాలు ప్రభుత్వాలొక్కటే సాధించలేవు, ఇలాంటి వ్యాపార సంస్థలు చేయి కలపాలి అన్నది ఇప్పుడు అన్ని వేదికల మీదా వినిపిస్తున్న మాట.

ఆ మాటను నేను కొట్టిపారేయను. కానీ ఈ ప్రయోగం దేశంలో మరెక్కడా లేనంతగా జరిగింది మన తెలుగు పల్లెల్లోనే. దాని ఫలితం అనుభవించింది ఈ హాల్లో కూర్చున్న మనలాంటి ఆడవాళ్లే. కాబట్టి పుస్తకాల్లో నిర్వచనాలు వదిలేసి మన అనుభవంలోంచే మాట్లాడతాను.

మొదటి లక్ష్యం కింద 1.4 అని ఒక ఉపలక్ష్యం ఉంది. పేదలకు, ఆడా మగా తేడా లేకుండా, ఆర్థిక వనరుల మీద సమాన హక్కులుండాలని అది చెబుతుంది. ఆ వనరులేమిటో వరసగా పేర్కొంటుంది. భూమి మీద, ఇతర ఆస్తి మీద యాజమాన్యం, అదుపు, వారసత్వం, సహజ వనరులు, సాంకేతిక పరిజ్ఞానం, ఆర్థిక సేవలు. ఆ వాక్యం చిట్టచివర వచ్చే మాట సూక్ష్మరుణాలు. మరి మన ఊళ్లకు వచ్చినవాళ్లు ఆ వాక్యాన్ని ఏ కొసనుంచి పట్టుకున్నారు? భూమి సంగతి ఎత్తినవాళ్లు బహుతక్కువ. అప్పు పట్టుకొచ్చినవాళ్లు మాత్రం ఊరూరా వచ్చారు.

2010 చివర్లో మేం నలుగురం వరంగల్ వైపు కొన్ని పల్లెలు తిరిగాం. మైక్రో ఫైనాన్స్ అప్పుల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు చేసుకున్నారన్న వార్తలు పత్రికల్లో రోజూ వస్తున్న కాలమది. ఒకావిడ బియ్యం డబ్బాలోంచి నాలుగు లోను కార్డులు తీసి నా ముందు పరిచింది. నాలుగూ నాలుగు కంపెనీలవి. మొదటి అప్పు పెనిమిటి వేయించిన బోరుకు. నీళ్లు పడలేదు. రెండోది బిడ్డ కాన్పు ఆపరేషన్‌కు. మూడోది మొదటి రెండింటి వాయిదాలు కట్టడానికి. నాలుగోది ఎందుకు తీసుకుందో ఆమెకే గుర్తు లేదు. నాలుగు కార్డుల మీదా ఫొటో ఆమెదే, సంతకం ఆమెదే. ఆ ఇంట్లో ఆమె పేర ఉన్న కాగితాలు అవే. ఎకరంన్నర చెలక పట్టా మామగారి పేర ఉంది.

ఆమె నాతో అన్న మాట ఇది: ‘కంపెనీ సారు తిట్టింది యాదికి లేదు గని, మా గ్రూపోళ్లొచ్చి నా కడప మీద కూసున్నది మాత్రం మర్వలేనక్కా.’

ఇక్కడ మనం కాస్త ఆగాలి. ఈ కంపెనీలు ఏ ఆస్తీ తాకట్టు పెట్టుకోకుండా అప్పిచ్చేవి. పేదరాలిని నమ్మి అప్పిస్తున్నామని గొప్పగా చెప్పుకునేవి. నిజానికి తాకట్టు ఉంది. అది గ్రూపు. ఒకామె వాయిదా కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. అది కట్టేదాకా మీటింగు ముగియదు. పొద్దున్నే కూలికి పోవాల్సినవాళ్లు కూచునే ఉంటారు. అప్పుడు కోపం కంపెనీ మీదకు పోదు, పక్కనున్న వదిన మీదకు పోతుంది. వసూలు చేసే పని ఆడవాళ్ల చేతే ఆడవాళ్ల మీద చేయించారు.

ఆ గ్రూపులు కంపెనీలు పుట్టించినవి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరదీప్తి చదువుల్లోంచి రాజుకున్న ఆ ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిల్చి రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. ఆ ఐకమత్యం ఆడవాళ్లు లాఠీలకు, కాంట్రాక్టర్లకు ఎదురు నిలిచి సంపాదించుకున్నది. పదిహేనేళ్లు తిరిగేసరికి అదే ఐకమత్యం ఎవరో లాభాలకు జామీనుగా మారింది. నాకు వడ్డీ రేటు కంటే ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

వడ్డీ లెక్క కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఉదాహరణకు పదివేల అప్పుకు వారానికి 225 రూపాయల చొప్పున 50 వారాలు కట్టాలనుకుందాం. మొత్తం 11,250. వడ్డీ 1,250, అంటే పన్నెండున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ పదివేలూ ఏడాదంతా మన దగ్గర ఉండవు. వారంవారం కొంత అసలు తిరిగిపోతూ ఉంటుంది. సగటున మన చేతిలో ఉన్నది సుమారు అయిదువేలే. అయిదువేలకు 1,250 అంటే పాతిక శాతం దాకా పడింది. ఈ లెక్క తెలియక మోసపోయింది చదువురానివాళ్లు మాత్రమే కాదు, డిగ్రీ చదివిన నేను కూడా కాగితం మీద రెండుసార్లు వేసుకుంటే గానీ నమ్మలేదు.

ఇప్పుడు యాజమాన్యం సంగతికి వద్దాం. సూక్ష్మరుణం అనగానే అందరూ బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు పేరు చెబుతారు. ప్రొఫెసర్ మహమ్మద్ యూనస్ 1976లో జోబ్రా అనే ఊళ్లో 42 మందికి కలిపి 27 డాలర్లు అప్పివ్వడంతో అది మొదలైంది. 1983లో బ్యాంకు అయింది. 2006లో ఆయనకూ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఆ బ్యాంకు మీదా విమర్శలున్నాయి, గ్రూపు ఒత్తిడి అక్కడా ఉంది. కానీ దాని వాటాల్లో అత్యధిక భాగం అప్పు తీసుకునే ఆడవాళ్లవే. ఇక్కడ అలా జరగలేదు. మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1997లో లాభాపేక్ష లేని సంస్థగా మొదలైన ఎస్‌కెఎస్, 2005లో ఫైనాన్స్ కంపెనీగా మారింది. 2010లో షేరు 985 రూపాయలకు అమ్మి 1,600 కోట్లకు పైగా సేకరించింది. ఉన్న షేర్లకు పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులొచ్చాయట! పేదల నుంచి షేర్‌మార్కెట్ లాభాలు తీయడం సూక్ష్మరుణం ఉద్దేశమే కాదని యూనస్ బాహాటంగా వ్యతిరేకించారు. పెట్టుబడి లేనిదే కోట్లాది పేదలకు అప్పులెలా ఇస్తామని కంపెనీ వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ లాభం వస్తుందని డబ్బు పెట్టినవాడు లాభం పెరగాలంటాడు. అది పెరగాలంటే ఒకే ఆడదానికి నాలుగు కార్డులు ఇవ్వాల్సి వస్తుంది.

ఇది ఒక్కసారిగా ఊడిపడిన ఉపద్రవం కాదు. 2006లోనే కృష్ణా జిల్లా అధికారులు ఇలాంటి కంపెనీల శాఖలు 50 దాకా మూయించారు. ఎవరూ పాఠం నేర్చుకోలేదు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమయింది. వారంవారీ వసూలు ఆగింది, వడ్డీ అసలును మించకూడదన్నారు. కంపెనీలు చాలావరకు దుకాణం కట్టేశాయి. అదంతా గెలుపని నేను చెప్పలేను. బ్యాంకు అప్పు అందని ఊళ్లలో ఆడవాళ్లు మళ్లీ షావుకారు దగ్గరికే పోయారు. 2011లో మండల సమాఖ్యలతో కలిసి స్త్రీనిధి పెట్టింది ఆ ఖాళీ పూడ్చడానికే.

మరి వ్యాపారమే చెడ్డదా? ఈ ప్రశ్నకు నేను ముల్కనూరు చూపిస్తాను. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. అక్కడ 1956 నుంచి పేరున్న రైతు సహకార సంఘం ఉంది. అయితే ఇలాంటి సంఘాల్లో సభ్యత్వం భూమిని బట్టి వస్తుంది, భూమి మగవాళ్ల పేర ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు పొదుపు సంఘాలతో మొదలుపెట్టి, 2002లో సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. ‘స్వకృషి’ పాల ప్యాకెట్లు మీలో కొందరు చూసే ఉంటారు. పాలు పోసే ఆడవాళ్లే సభ్యులు, పాలకవర్గాన్ని ఎన్నుకునేది వాళ్లే, మిగులు బోనస్‌గా పంచుకునేదీ వాళ్లే.

దీనికి ఒక చట్టం అండగా నిలిచింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. అంతకుముందు సహకార సంఘమంటే ప్రభుత్వ వాటా, ప్రభుత్వ పెత్తనం. ఎన్నికైన పాలకవర్గాన్ని రద్దు చేసి అధికారిని కూర్చోబెట్టేవాళ్లు. ఈ చట్టం కింద సర్కారు వాటా లేదు, సంఘం సభ్యులదే. మన సంఘాలు ఈ చట్టం చదవాలి. దీన్ని గురించి మనలో ఎంత తక్కువమందికి తెలుసో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

ముల్కనూరులో సమస్యలు లేవని కాదు. గేదె కడుపు నింపేది, పేడ ఎత్తేది, తెల్లారకముందే పాలు పిండేది ఆడదే. ఇంటి చాకిరీలో మగవాళ్లు వాటా పంచుకోకపోతే డెయిరీ ఆమెకు మరో పూట పని అవుతుంది. జీతం లేని ఈ ఇంటి చాకిరీని గుర్తించాలని అయిదో లక్ష్యమే, 5.4లో, చెబుతోంది. వ్యాపారం గురించి మాట్లాడేవాళ్లెవరూ ఆ అంకె ఎత్తరు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంఘాల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. బీడుపడ్డ చెలకలు సాగులోకి తేవడానికి రైతులకు అప్పిచ్చారు. తిరిగి తీసుకున్నది డబ్బు కాదు, జొన్నలు. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, పనులు దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదో తేల్చింది ఆఫీసరు కాదు, ఊళ్లో ఆడవాళ్లే. విత్తనం కూడా కొనరు, వాళ్ల ఇళ్ల బుట్టల్లోనే ఉంటుంది. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకొచ్చింది. ఆ పని మొదలుపెట్టినప్పుడు పదిహేడు లక్ష్యాలూ లేవు, దాన్ని సామాజిక వ్యాపారం అన్నవాళ్లూ లేరు.

చివరగా ఈనాటి పరిస్థితి. 2022లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చి వడ్డీ మీద ఉన్న పరిమితి ఎత్తేసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు మన 2011 చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అంటే కంపెనీలకు దారి మళ్లీ తెరుచుకుంది. ఈసారి అవి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల రంగురంగుల బొమ్మలు ముద్రించిన నివేదికలతో వస్తాయి. ఎంతమంది ఆడవాళ్లకు అప్పిచ్చామో అంకెలు చెబుతాయి. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీ కంపెనీలో మా వాటా ఎంత? మీ బోర్డులో మా ఊరి ఆడది ఉందా? కరువొచ్చి మేం కట్టలేకపోతే నష్టం మీరు ఎంత భరిస్తారు?

అదే 2022 నిబంధనల్లో మనకు పనికొచ్చేవీ ఉన్నాయి. ఏటా మూడు లక్షల లోపు ఆదాయమున్న ఇంటికిచ్చే సూక్ష్మరుణానికి తాకట్టు ఉండకూడదు. ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదు. అడగకుండా ఇన్సూరెన్స్ అంటగట్టకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 దాటాక వసూలుకు రాకూడదు. లోను కార్డు మనకర్థమయ్యే భాషలో ఉండాలి.

మీలో కొందరు కార్డులు తెచ్చారని తెలిసింది. భోజనాలయ్యాక వెనక గదిలో చాపలు వేయిస్తున్నారు. కార్డులు తీసుకుని రండి, మొదట అవి ఏ భాషలో ఉన్నాయో చూద్దాం, తరవాత వడ్డీ లెక్క వేద్దాం.